నిలబెట్టి చదివించిన సవరణ

తక్కెడక్క గురించి జనం చెప్పుకునే మాటలు నాలుగున్నాయి. అబద్ధం రాసి బతకడమెలాగో నేర్పే ఆటను ఆమె తయారుచేసిందని ఒక మాట. మరిదిని కొట్టడానికి వచ్చిన గుంపుకు అడ్డంగా నిలబడి, కుళాయి నీళ్ళు గ్లాసులో పట్టి అందరి కళ్ళముందూ తాగిందని ఇంకొకటి. ఫోను పత్రిక నడిపే తొలికోడిని చెంపదెబ్బ కొట్టి దారికి తెచ్చిందన్నది మూడోది. దీన్ని ఆ దెబ్బ తామే కొట్టినంత సంబరంగా చెబుతారు. సొంత మరిది కాబట్టి పరుగెత్తింది గాని, పరాయివాడైతే కుర్చీలోంచి కదిలేది కాదన్నది నాలుగోది.

మొదటిది సగమే నిజం. తర్వాతి రెండూ నిజం కావు. గుంపు వచ్చిన మధ్యాహ్నం ఆమె మరిది ఉండే వీధికి వెళ్ళనే లేదు. గ్లాసుతో నీళ్ళు తాగినవాడు తొలికోడి. అవీ కుళాయి నీళ్ళు కావు, కొన్న సీసాలోవి. అతని చెంప మీది ఎర్రటి గుర్తు, చాలాసేపు అరచేతికి ముఖం ఆనించి కూర్చోవడం వల్ల పడింది. ఆ రోజు అతడు తన పత్రికలో పెట్టిన వీడియోను ఓపికగా చూసినవారికి ఇవన్నీ కనిపిస్తూనే ఉంటాయి. నాలుగో మాట సంగతి వేరు. దాన్ని నిలబెట్టడానికి గాని కొట్టివేయడానికి గాని సాక్ష్యం లేదు, ఎందుకంటే అలాంటి ఆపద పరాయివాడికి రాగా ఆమె ఏం చేసేదో చూసే అవకాశం ఎవరికీ కలగలేదు.

జరిగినదాన్ని అర్థం చేసుకోవాలంటే ఆమె పని ఏమిటో ముందు తెలియాలి.

ఆమె సగం జీవితం ఒక సాయంకాల పత్రికలో ఉపసంపాదకురాలిగా గడిచింది. పొడవాటి గది, గోడవారగా ప్రూఫు కాగితాల కట్టలు, సైకిలు రిపేరు దుకాణం వైపు తెరుచుకునే ఒకే ఒక కిటికీ. ఆ గదిలో సంపాదకుడు పెట్టిన ఆనవాయితీ ఒకటి ఉండేది. ఆయన్ను అందరూ పెద్దాయన అనేవారు. పత్రికలో తప్పు పడితే, అది ఎవరి చేతిమీదుగా వెళ్ళిందో వారే సవరణ రాయాలి. రాసి, తమ బల్ల దగ్గర లేచి నిలబడి, గదంతా వినేలా చదవాలి. ఎవరూ నవ్వకూడదు. ఎవరూ ఓదార్చకూడదు. పెద్దాయన "కూర్చో" అనేదాకా నిలబడే ఉండాలి. శిక్ష అంతే. జీతం కోత లేదు, తిట్టు లేదు.

బతికున్న ఒక బడి మాస్టారి ఫొటోను పోయినవారి వరసలో వేసినందుకు తక్కెడక్క ఒకసారి అలా నిలబడింది. "వారు క్షేమంగా ఉన్నారు" అన్న మాట దగ్గర మూడుసార్లు ఆగింది. "ఆ రోజు నేను చచ్చి మాస్టారిని బతికించాను" అని తర్వాత చెప్పుకునేది. అదే గదిలో పని నేర్చుకుంటున్న ఒక యువకుడు కూడా ఒకసారి నిలబడి, చదవడం ముగించేసరికి కళ్ళు తుడుచుకున్నాడు. "దీనికంటే ఉరి తీసినా బాగుండేది" అన్నాడట. "ఉరి కూడా నిలబెట్టే తీస్తారు, కూర్చో" అన్నారట పెద్దాయన.

ఆ యువకుడే తొలికోడి. ఏ వార్తయినా అందరికంటే ముందు తానే చెప్పాలని అతని తహతహ. తన కోడి కూయకపోతే ఊరికి తెల్లవారదనుకునే రకమని ఆ పేరు పెట్టారు. పెద్దాయన పోయి, పత్రిక మూతపడ్డాక, అతడు ఫోనులో వచ్చే పత్రిక మొదలుపెట్టాడు. వెక్కిరింపు పేరునే గుర్తుగా మార్చుకున్నాడు. అతని పత్రికలో కొత్త వార్త వచ్చినప్పుడల్లా చదువరుల ఫోనుల్లో కోడికూత వినిపిస్తుంది.

తక్కెడక్క కళ్ళద్దాల దుకాణం మేడమీద ఉన్న ఒక ఆటల కంపెనీలో చేరింది. అక్కడ తయారయ్యే ఆట పేరు 'మొదటి పేజీ'. ఆడేవారు ఒక చిన్న పత్రికను నడపాలి. తెర మీద రెండు పట్టీలుంటాయి. ఒకటి పరువు, ఒకటి పాఠకులు. పుకారు వేస్తే పాఠకులు పెరుగుతారు, పరువు తరుగుతుంది. నిదానంగా విచారించి వేస్తే పరువు నిలుస్తుంది, పాఠకులు జారిపోతారు. ఏది ఎంత పెరగాలి, ఏది ఎంత తరగాలి అన్న తూకం వేయడమే ఆమె ఉద్యోగం. తక్కెడక్క అన్న పేరు అలా వచ్చింది.

ఆ తూకంలో ఆమె ఒక తప్పు చేసింది. పత్రికలో పనిచేసినవాళ్ళు మాత్రమే చేయగల తప్పు అది. సవరణ వేసినవారికి, పోయిన పరువుకు రెట్టింపు తిరిగి వచ్చేలా పెట్టింది. సవరణ వేయడమంటే ప్రాణం పోయినంత పని అని, నిజాయతీ ఉన్నవాడు తప్ప ఎవడూ దానికి సాహసించడని, సాహసించినవాడికి ఎంత ఇచ్చినా తక్కువేనని ఆమె అనుకుంది. ఆడేవారికి అలాంటి సిగ్గేమీ లేదు. వాళ్ళు నిలబడి చదవనక్కర్లేదు, ఒక మీట నొక్కితే చాలు. కొద్ది రోజుల్లోనే వాళ్ళు దారి కనిపెట్టారు. ముందు కావాలని అబద్ధం వేయడం, పాఠకులు పెరగగానే సవరణ వేయడం. రెండు పట్టీలూ ఒకేసారి నిండేవి. ఈ కిటుకుకు వాళ్ళు పెట్టుకున్న పేరు 'కాటు-కట్టు'.

తక్కెడక్క గుర్తించింది. ఓనరుకు చెప్పింది.

"రెట్టింపు తీసేస్తానండి. ఇది దొంగల బడి అయిపోతోంది."

"ఇప్పుడు ముట్టుకోకక్కా. జనం ఎగబడి ఆడుతున్నారు. నెలాఖరు దాకా ఆగు."

"తప్పని తెలిశాక ఆగడమేమిటి?"

"ఆటే కదక్కా. ఇందులో చచ్చేవాళ్ళెవరు?"

ఆమె ఆగింది. ఈ సంగతి ఆమెను పొగిడేవారు చెప్పరు. తన ఆటను ఇంతమంది ఆడుతున్నారన్న సంతోషం తనకూ ఉందని ఆమె స్వయంగా ఒప్పుకుంది. బయటివారికి తూకం వేసిపెట్టే మనిషి, తన పరువునూ తన పాఠకులనూ తూచుకోవలసి వచ్చినప్పుడు నెలాఖరు దాకా వాయిదా వేసింది.

ఆ నెలలోనే ఆమెకు భయం పట్టుకుంది. తొలికోడి పత్రికలో ఒక బడి గోడ కూలబోతోందని వార్త వచ్చింది. మర్నాడు, అది నిజం కాదని, 'మా తప్పు మేమే ఒప్పుకుంటున్నాం' అని సవరణ వచ్చింది. నిజాయతీ అంటే ఇదీ అని జనం మెచ్చుకున్నారు. వారం తిరగకుండానే ఒక మందుల దుకాణం విషయంలో అదే జరిగింది. అదే వరస, అదే వ్యవధి. తన ఆటను అతడు ఊరిమీద ఆడుతున్నాడని తక్కెడక్కకు అర్థమైంది. ఆనాటినుంచి, ఒంటి మీద కొత్తగా లేచిన గడ్డను పొద్దున్నే తడిమి చూసుకునే రోగిలా, నిద్ర లేవగానే అతని పత్రిక తెరిచి చూసేది. ఎవరితోనూ అనలేదు. అంటే, నేర్పింది నువ్వే కదా అంటారని భయం.

ఆమె చెల్లెలి భర్త నీళ్ళ ట్యాంకు దగ్గర ఉద్యోగి. వాల్వులు తిప్పడం, ట్యాంకులో బ్లీచింగ్ పౌడరు కలపడం ఆయన పని. ఆ రోజుల్లో రోడ్డు తవ్వి గొట్టం బాగుచేశారు. నీళ్ళు మట్టి రంగుకు తిరగడంతో, పౌడరు కాస్త ఎక్కువ కలపమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆయన నీలం డబ్బా భుజాన పెట్టుకుని ట్యాంకు నిచ్చెన ఎక్కుతుండగా పక్క మేడమీంచి ఎవరో వీడియో తీశారు. అదే ఉదయం ఒక బడిలో కొందరు పిల్లలకు వాంతులయ్యాయి. కారణమేమిటో ఈనాటికీ తేలలేదు. తొలికోడి ఈ రెంటినీ పక్కపక్కన పెట్టాడు. 'ట్యాంకులో ఏం కలిపాడు? ఎవరు కలపమన్నారు? మన పిల్లలు ఏం తాగారు?' అన్నీ ప్రశ్నలే. మరిది ముఖం చుట్టూ ఎర్రటి గీత.

భోజనాల వేళ చెల్లెలు ఫోను చేసింది.

"అక్కా, ఇంటి ముందు జనం."

"ఎంతమంది?"

"వీధి కనబడటం లేదు."

"మరిదిగారెక్కడ?"

"మెట్ల కింద కూర్చోబెట్టి మంచం అడ్డం పెట్టా. బయటికెళ్ళి చెబుతానంటాడు, వినడు. గేటు ఊపుతున్నారక్కా. గేటు గడియలు రెంటిలో పైది ఊడిపోయింది."

"పోలీసులకు చెప్పావా?"

"వస్తున్నామన్నారు. నువ్వు ఫోను పెట్టెయ్యకు. నీకు పుణ్యముంటుంది, పెట్టెయ్యకు."

ఆమె పెట్టెయ్యలేదు. ఫోను చెవికి ఆనించుకునే మెట్లు దిగింది. చెల్లెలి ఇల్లు ఊరికి ఆ చివర. అక్కడికి చేరేసరికి రెండో గడియ కూడా ఉండదని లెక్క వేసుకుంది. తొలికోడి ఆఫీసు రెండు వీధుల అవతల, కుట్టు మిషన్ల దుకాణం వెనక. అటు నడిచింది. దారిలో ఒక కరెంటు స్తంభాన్ని పట్టుకుని ఆగవలసి వచ్చిందని ఆమే చెప్పింది. పరుగెత్తిందన్న మాట కూడా, దీన్నిబట్టి, అతిశయోక్తే.

ఆ ఆఫీసు ఒకటే గది. ముఖం మీద వెలుగు పడేలా గుండ్రటి దీపం, ఒక కెమెరా, గోడకు పెద్ద తెర. వార్తను ఎంతమంది చూస్తున్నారో ఆ తెర మీద అంకె మారుతూ ఉంటుంది. తొలికోడి అరచేతికి చెంప ఆనించి దాన్నే చూస్తున్నాడు.

"రా అక్కా, కూర్చో. సరిగ్గా వచ్చావు, నీ శిష్యుడి అంకె చూడు."

"ఆ డబ్బా మోసినాయన మా చెల్లెలి మొగుడు."

అతడు తల తిప్పాడు. "నాకు తెలియదక్కా. నీ మీద ఒట్టు."

"తెలిస్తే వేసేవాడివి కాదా?"

"ముఖం చుట్టూ గీత పెట్టేవాణ్ణి కాదు."

"తీసెయ్ దాన్ని."

"తీసేస్తే నిజం కాబట్టే నొక్కేశారంటారు. ఇంకా రెచ్చిపోతారు. నీకు తెలియందా? రేపు పొద్దున్నే సవరణ వేస్తా, క్షమాపణతో సహా. మీ మరిది దేవుడైపోతాడు చూడు. కాటు-కట్టు. నీ ఆటే కదక్కా."

"నా ఆటలో గుంపు లేదురా."

ఆ మాట నోటినుంచి వచ్చాకే ఆమెకు దాని అర్థం తెలిసిందట. రెండు పట్టీలు పెట్టింది, వందల శీర్షికలు రాసింది. వార్త ఎవరి మీద పడుతుందో ఆ మనిషిని ఆటలో ఎక్కడా పెట్టలేదు. ఆ మనిషి ఇప్పుడు మెట్ల కింద కూర్చున్నాడు.

ఆమె ఫోనును బల్లమీద పెట్టి దాని స్పీకరు పెంచింది. ఇనుము ఇనుముకు కొట్టుకునే చప్పుడు గదినిండా పరుచుకుంది. మధ్యలో చెల్లెలి ఊపిరి.

"ఆపక్కా, ఆ చప్పుడు వినలేను."

"నాకూ అలాగే ఉంది. తెర చూడు."

గేటు మోగినకొద్దీ అంకె ఎక్కుతోంది. అతడు ఫోను వంక చూడలేక మళ్ళీ తెర వంకే చూశాడు. జాలి అతణ్ణి కుర్చీలోంచి లేపలేదని, లేపగలిగింది ఆ తెర ఒక్కటేనని తక్కెడక్క అప్పుడు గ్రహించింది.

"ఈ అంకె ఎప్పటిదాకా పెరుగుతుంది?"

"సాయంత్రం దాకా. తర్వాత చల్లబడుతుంది."

"దీన్ని దాటే వార్త ఒకటుంది. వేస్తావా?"

"ఏమిటది?"

"నువ్వు లేచి నిలబడి సవరణ చదవడం. ఇప్పుడే, లైవ్‌లో."

అతడు నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "పెద్దాయన పోయారక్కా. ఇప్పుడెవడు నిలబడతాడు?"

"ఎవడూ నిలబడడు కాబట్టే చూస్తారు. పత్రిక నడిపేవాడు తన నోటితో తాను అబద్ధమాడానని చెప్పడం ఈ ఊళ్ళో ఎవరు చూశారు? ఆ గేటు పట్టుకున్నవాళ్ళ జేబుల్లోనూ ఫోనులున్నాయి. నీ కోడి కూస్తే చూడకుండా ఉండలేరు."

అతడు లెక్క వేసుకుంటున్నట్టు కళ్ళు చిన్నవి చేశాడు. "శీర్షిక?"

"నీలం డబ్బాలో ఏముందో బయటపడింది."

"అది నా శీర్షికలాగే ఉందే."

"నీదే. నీ దగ్గరే దొంగిలించా."

ఇక్కడ ఆమె చేసిన ఒక పనిని కొందరు తప్పుపట్టారు. వెంటనే అతణ్ణి కెమెరా ముందుకు తోయక, ముందు మరిదితో మాట్లాడింది.

"మరిదిగారూ, డబ్బాలో ఏముంది?"

మెట్ల కిందినుంచి గుసగుసగా జవాబు వచ్చింది. "బ్లీచింగ్ పౌడరు వదినా. మీకూ అనుమానమేనా?"

"అనుమానం కాదు. అడగాలి కాబట్టి అడిగా."

తర్వాత తొలికోడి ఫోను తీసుకుని నీళ్ళ ఆఫీసు ఇంజనీరుకు చేసింది. ఆయన ఉత్తర్వు కాగితం వెతకడానికి లేచి వెళ్ళాడు. ఒక ఫోనులో నిశ్శబ్దం, ఇంకో ఫోనులో గేటు.

"అక్కడ గడియ ఊడుతుంటే ఇక్కడ కన్ఫర్మ్ చేస్తున్నావా అక్కా?" అన్నాడు తొలికోడి. ఈసారి భయం అతని గొంతులో ఉంది.

"ఇది కూడా అబద్ధమని తేలితే వాళ్ళు మళ్ళీ వస్తారు. అప్పుడిక ఏ కోడికూతా ఆపదు."

ఇంజనీరు తిరిగి వచ్చి, ఉత్తర్వు నిజమేనని, పౌడరు తమ ఆఫీసుదేనని చెప్పాడు. తన పేరుతో వేసుకోమన్నాడు. ఆమె ఒక కాగితం మీద ఆరు వాక్యాలు రాసి ఇచ్చింది.

"'పొరపాటు దొర్లింది' అని పెడదాం అక్కా."

"దొర్లడానికి అదేం గుండ్రాయి కాదు. నువ్వు చేశావు. అలాగే చదువు."

అతడు సీసాలోని నీళ్ళు గ్లాసులో పోసుకుని తాగి, నిలబడ్డాడు. "నీలం డబ్బాలో ఉన్నది నీళ్ళు శుభ్రం చేసే బ్లీచింగ్ పౌడరు. దాన్ని కలపమని ఆయనకు ఉత్తర్వు ఉంది. ఇంజనీరు గారు చెప్పారు. నేను ఎవరినీ అడగకుండా, ఎక్కువమంది చూస్తారని ఆ వార్త వేశాను. ఆ ఇంటిముందు ఉన్నవారు నా మాట నమ్మి వెళ్ళారు. అది అబద్ధం, వెనక్కి రండి."

బల్లమీది ఫోనులో ముందు ఒక కోడి కూసింది. తర్వాత ఇంకొకటి. ఆపైన వీధంతా కోళ్ళు కూశాయి. నడిమధ్యాహ్నం, ఆ ఇనుప చప్పుడు మధ్యలో ఆ కూతలు వింటుంటే ఒళ్ళు గగుర్పొడిచిందని చెల్లెలు తర్వాత చెప్పింది. గేటు మోత తడబడింది. కొద్దిసేపటికి తొలికోడి గొంతే, గదిలో అన్న మాటే, ఒక్క క్షణం ఆలస్యంగా, అనేక ఫోనుల్లోంచి వాళ్ళకు తిరిగి వినిపించింది. "నేను ఎవరినీ అడగకుండా..." అతడు తన మాట తానే విని ఆగిపోయాడు. తక్కెడక్క మళ్ళీ మొదటినుంచి చదవమని చేత్తో సైగ చేసింది. అతడు చదివాడు.

చదివి, కూర్చోలేదు. పాత గదిలో నేర్చిన పాఠం కాళ్ళలో మిగిలిందేమో, ఆమె వంక చూస్తూ అలాగే నిలబడ్డాడు. ఆమె చూపు ఫోను మీద ఉంది. వీడియోలో అందరూ మళ్ళీ మళ్ళీ చూసిన భాగం ఇదే. ఎందుకు నిలబడ్డాడో వాళ్ళకు తెలియదు.

"వెళ్తున్నారక్కా" అంది చెల్లెలు. "కొందరు వెళ్తున్నారు."

"కూర్చో" అంది తక్కెడక్క.

అందరూ వెళ్ళలేదు. పోలీసుల బండి మలుపు తిరుగుతుండగా ఎవరో విసిరిన రాయి కిటికీ అద్దం పగలగొట్టుకుని లోపల పడింది. మంచం తోసుకుని బయటికి వస్తున్న మరిది కనుబొమ్మ చిట్లింది. విసిరినవాడెవడో తెలియలేదు. వీడియో చూడనివాడు కావచ్చు. చూసి కూడా విసిరినవాడు కావచ్చు. రెండోది తలుచుకుంటే తనకు నిద్ర పట్టదని తక్కెడక్క అంటుంది. రెండో గడియ మాత్రం ఊడలేదు, వంగింది.

తర్వాతి సంగతులు ఆమెకు గర్వకారణమైనవి కావు. ఆ రోజుతో తొలికోడికి పాఠకులూ పెరిగారు, పరువూ పెరిగింది. అతడు దాన్ని వదలలేదు. ఇప్పుడు వారానికొకసారి నిలబడి ఏదో ఒక తప్పు చదువుతాడు. చదవడానికి తప్పు కావాలి కాబట్టి ముందు దాన్ని తయారుచేస్తాడు. ఆమె ఒకసారి చూసి ఫోను బోర్లించి పెట్టింది. పెద్దాయన గదిలో సిగ్గుగా ఉన్నది ఈమె చేతిమీదుగా తమాషాగా మారింది.

గేటు మోగిన మర్నాడే ఆమె ఆటలో రెట్టింపు తీసేసింది. ఇంకొకటి కలిపింది. తప్పు వార్త వేసినప్పుడు తెర మీద ఏమీ కనిపించదు గాని, దూరంగా ఒక గేటు చప్పుడు మొదలవుతుంది. సవరణ ఎంత ఆలస్యమైతే అంత దగ్గరగా వినిపిస్తుంది. ఆడేవారు తగ్గారు.

"ఆటలో భయమెందుకు పెట్టావక్కా?" అన్నాడు ఓనరు.

"అక్కడ ఉండాల్సిందే. లేకపోబట్టే ఇంత జరిగింది."

ఓనరు ఆమెను తీసేయలేదు. తీసేస్తాడని ఆమె రోజూ ఎదురుచూస్తూనే ఉంటుంది. మరిది ఇప్పుడు పౌడరును డబ్బాలో మోయడు. లోపలిది కనిపించే ప్లాస్టిక్ సంచిలో పోసి, పేరు బయటికి కనబడేలా పట్టుకుని, ముందు చుట్టుపక్కల మేడలన్నీ ఒకసారి చూసి, అప్పుడు నిచ్చెన ఎక్కుతాడు. చెల్లెలు గేటుకు మూడో గడియ పెట్టించింది.

తేల్చి చెప్పవలసింది ఇది. తక్కెడక్క ధైర్యవంతురాలు కాదు. ఆ రోజంతా భయపడుతూనే ఉంది. తన ఆటలోని లోపం తెలిసీ నెలాఖరు దాకా అని ఊరుకుంది. అది ఆమె తప్పు. అతణ్ణి కొట్టలేదు, అతని మనస్సాక్షినీ మేల్కొల్పలేదు. అతని దురాశకే ఎర వేసింది. ఎరగా మాత్రం నిజాన్నే వాడింది. ఇంజనీరు జవాబు వచ్చేదాకా, గేటు మోగుతుండగా, ఆగింది. ఆమె మరిది బతికే ఉన్నాడు.